కాటా చీటీల వెనక

చీమకుర్తి దాటినాక రామతీర్థం రోడ్డులో మా కాటా.
రాత్రి తొమ్మిదికి ఎక్కితే తెల్లారి ఆరుకి దిగుతా.
లారీకీ లారీకీ మధ్య
ఒక్కోసారి గంట,
ఒక్కోసారి నాలుగు పేజీలు.

లైబ్రరీ జిలానీ సాయిబు పట్టుకున్నాడు:
"ఊరికే చదివి తెచ్చిస్తే ఎట్టా అబ్బయ్యా,
ఎట్టుందో నాలుగు ముక్కలు రాసియ్యి."
తెల్లకాయితాలు నాకాడ యాడియ్యి?
చీటీల వెనకే రాశా.
ముందువైపు బండి నంబరు, నిండు బరువు, ఖాళీ బరువు.
వెనకవైపు ఇది.

హత్య నవల.
ఆఖరి పదహారు పేజీలు ఎవరో చించుకుపోయారు.
టీకొట్టు అంకమ్మకి కథంతా చెప్తే
పాలగిన్నె మీంచి చూపు తిప్పకుండా తేల్చేసింది:
"పేజీలు చించినోడే చంపినోడు."

మంచుదేశం నవల, తెలుగు చేసింది.
మనిషికి మూడేసి పేర్లు. తికమక.
మా చిన్నాయనకీ మూడేగదా,
రేషన్ కార్డులో ఒకటి, ఓటర్ల లిస్టులో ఒకటి, ఇంట్లో ఒకటి
అనుకున్నాక దారి దొరికింది.
రోహిణి కార్తెలో చదివా.
అర్ధరాత్రి కూడా రేకులు సెగలు కక్కుతున్నాయి.
నూట ఎనభయ్యో పేజీలో
ముసలి గుర్రం మంచులో కూలబడింది.
లేచి
టేబుల్ ఫ్యాను కట్టేశా.

ధనవంతుడు కావడానికి మార్గాలు.
ఏడో మార్గం: తెల్లారుజామున నాలుగింటికి మేలుకొని ఉండాలంట.
ఇరవై రెండేళ్లుగా ఉంటన్నా.
లెక్క యాడో తప్పింది,
ఆయనదో నాదో.

కవిత్వం. పల్చటి పుస్తకం.
పేజీకి ఆరు పంక్తులు, మిగతాదంతా తెలుపే.
ఇంత జాగా ఖాళీగా పోనిస్తే మా ఓనరు ఊరుకుంటాడా?
అర్థం కాలేదని రాసి కొట్టేశా.
ఎందుకంటే మర్నాడు మధ్యాన్నం నిద్ర పట్టక పడుకొనుంటే
క్వారీలో పైమట్టి లేపడానికి ఈల ఊదారు.
ఈలకీ పేలుడుకీ మధ్య కాస్తసేపు
కాకి కూడా అరవదు.
ఆ తెలుపు అదేనేమో.
గట్టిగా చెప్పలేను.

రాళ్ల కూలీల మీద నవల. బహుమతి వచ్చిందంట.
అందులో కూలీ సూర్యుడితో మాట్లాడతాడు.
ఇరవై నాలుగో పేజీకే విసిరికొట్టా.
రాతిదుమ్ము నోట్లో ఉన్నోడు
సూర్యుడితో మాట్లాడడయ్యా, ఉమ్ముతాడు.
తర్వాత దుమ్ము దులిపి మళ్లీ తీశా, లైబ్రరీది గదా.
ఒకచోట, కూలిడబ్బులు లెక్కపెట్టుకుంటా
పెదాలు కదుపుతాడని ఉంది.
అది మాత్రం చూసి రాశాడు.

పశువైద్యం. అట్ట లేదు, రాసినాయన పేరూ లేదు.
మాకు గొడ్డూ గోదా ఏమీ లేవు, అయినా ఆపలేకపోయా.
గొంతువాపు పేజీ పక్కన పెన్సిలుతో, వణుకు చేతిరాత:
"మన తెల్లదానికి ఇదే. మందు అందలా."
కింద తేదీ కూడా లేదు.
రెండు బండ్లు హారన్ కొట్టిందాకా
ఆ పేజీలోనే ఉన్నా.
కింద నేనూ ఏదో రాయబోయి
పెన్ను మూసేశా.

ఇరవై ఎనిమిది టన్నుల నల్లరాయి ఎక్కింది ఆ రాత్రి.
వాన తుంపరకి బంగారు చుక్కలు తేలాయి దాని మీద.
డ్రైవరు మాలకొండయ్య తొందరలో ఉన్నాడు,
నేనూ నిద్రమత్తులో ఉండి
రాసిపెట్టుకున్న చీటీ మీదే బరువేసి ఇచ్చేశా.

మర్నాడు పోర్టు గేటు కాడ నుంచి ఫోను.
క్యూలో నాలుగు గంటలుగా ఉన్నాడంట.
బరువు తేడా వచ్చిందేమోనని గుండె గుభేలుమంది.
"ఏందిది, దీనెనక రాసింది?" అన్నాడు.
కాసేపు ఊరుకొని,
"ఇంతకీ గుర్రం లేచిందా?"

చెప్పలా.
ఖాళీ బండితో వస్తావుగా, అప్పుడు చూద్దాంలే అన్నా.

జిలానీ సాయిబూ,
చీటీలు ఒకటి తక్కువున్నాయి, లెక్క చూసుకో.
మంచుదేశం పుస్తకం కూడా
ఇంకో వారం ఆగాలి.